దాహం వెయ్యని వయసు

ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు వైద్యులు 14 మంది మగవాళ్ళ చేత ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళు మాన్పించారు. వాళ్ళలో ఏడుగురు 20 నుంచి 31 ఏళ్ళ లోపు కుర్రవాళ్ళు. మిగిలిన ఏడుగురూ 67కీ 75కీ మధ్య వయసువాళ్ళు. పెద్దవాళ్ళు కదా అని రోగిష్టుల్ని తీసుకోలేదు, ఏ జబ్బూ లేని గట్టి మనుషుల్నే ఏరుకున్నారు. 24 గంటలు గడిచాక రక్తం తీసి చూస్తే రెండు జట్లలోనూ అది చిక్కబడింది. పెద్దవాళ్ళలో మరికాస్త ఎక్కువగా చిక్కబడింది. దాహంగా ఉందా, నోరు ఎండుకుపోతోందా అని అడిగితే కుర్రవాళ్ళు ఔనన్నారు. పెద్దవాళ్ళు మాత్రం ‘పెద్దగా ఏం లేదు’ అన్నారు. ఆ తరవాత ఎదురుగా నీళ్ళు పెట్టి, గంటసేపు ఎంత కావాలంటే అంత తాగమన్నారు. కుర్రవాళ్ళు తాగి లోటు పూడ్చుకున్నారు. పెద్దవాళ్ళు కాసిని తాగి గ్లాసు పక్కన పెట్టేశారు. వాళ్ళ రక్తం మునుపటి స్థితికి రానేలేదు.

1984లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన పరిశోధన ఇది. మనుషుల సంఖ్య చూస్తే చిన్నదే. కానీ ముసలితనంలో మెదడుకీ నీటికీ ఉన్న లంకె గురించి ఏం మాట్లాడాలన్నా ఇక్కడే మొదలుపెట్టాలి. ‘నీళ్ళు బాగా తాగితే మతిమరుపు జబ్బు రాదు’ అని ఫోన్లలో తిరిగే సందేశాలు చాలామంది చూసే ఉంటారు. ఆ మాటకి తగిన రుజువు లేదు. దాని వెనక ఉన్న అసలు సంగతి వేరు, అది మన ఇళ్ళకి ఇంకా దగ్గరిది. వయసు మీదపడ్డాక దాహం అనే కబురు సరిగా అందదు. డిమెన్షియా, అంటే ఆ మతిమరుపు జబ్బు, వచ్చాక కబురు అందినా దాని అర్థం తెలియదు. నీరు తగ్గినప్పుడు ముందు తడబడేది ఆ మెదడే.

దాహం ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. నోరు ఎండటమే దాహం అని ఒకప్పటి వైద్యులు అనుకునేవారు. కేంబ్రిడ్జిలో ఇ. బి. వెర్నీ అనే ఆయన కుక్కల మెడలో, మెదడుకి వెళ్ళే ధమనిలోకి కొద్దిగా ఉప్పునీరు ఎక్కించి చూశారు. వాటి మూత్రం తగ్గిపోయింది. రక్తం చిక్కదనాన్ని కనిపెట్టే కణాలేవో మెదడులోనే ఉన్నాయని 1947లో ఆయన చెప్పారు. వాటికి ఆస్మోరిసెప్టర్లు అని పేరు పెట్టారు. తరవాత ఐదారేళ్ళకి స్వీడన్‌లో బెంగ్ట్ ఆండర్సన్ మేకల మీద ప్రయోగాలు చేశారు. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లోకి సన్నటి గొట్టంతో ఉప్పునీటి చుక్క పంపగానే, అప్పటిదాకా నీటి జోలికి పోని మేక తొట్టిలో మూతి పెట్టి లీటర్ల కొద్దీ తాగేసింది.

ఆ కణాల పని తీరు తెలుగువాళ్ళకి వంటింట్లోనే కనపడుతుంది. మాగాయకి కోసిన మామిడి ముక్కలు ఉప్పులో వేస్తే మూడో రోజుకి ఊట ఊరి, ముక్కలు వడిలిపోతాయి. రక్తంలో ఉప్పు పాలు పెరిగితే కణాల్లోంచి నీరు ఇలాగే బయటికి లాగబడుతుంది. ఒంట్లో ఏ కణానికైనా ఇది తప్పదు. ఆస్మోరిసెప్టర్లకి మాత్రం ఆ ముడుచుకోవడమే సంకేతం. కణం కాస్త ముడుచుకోగానే దాని పొరలోని సన్నటి ద్వారాలు తెరుచుకుని విద్యుత్ ప్రవాహం మొదలవుతుంది. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడితే చాలు, అక్కడినుంచి రెండు ఉత్తర్వులు బయల్దేరతాయి. ఒకటి వాసోప్రెసిన్ అనే హార్మోను రూపంలో మూత్రపిండాలకి వెళ్తుంది, నీటిని బయటికి పోనివ్వద్దని. రెండోది మన స్పృహలోకి వస్తుంది. దాన్నే మనం దాహం అంటాం.

వయసుతో ఈ ఏర్పాటు నాలుగు వైపుల నుంచీ సడలుతుంది. దాహం ఆలస్యంగా వేస్తుంది. మూత్రపిండాలు వాసోప్రెసిన్ మాటని మునుపంత బాగా వినవు. ఆక్స్‌ఫర్డ్ పెద్దమనుషుల మూత్రం కూడా కుర్రవాళ్ళ మూత్రమంత చిక్కగా లేదు, ఒకపక్క ఒంట్లో నీరు తక్కువై ఉంటే మరోపక్క అది బయటికి పోతూనే ఉంది. పడుచు వయసులో ఒంటి బరువులో 60 శాతం దాకా ఉండే నీరు ముసలితనంలో 50 శాతానికి దగ్గరవుతుంది, ఎందుకంటే నీటిని ఎక్కువగా దాచేది కండ, వయసుతో తగ్గేదీ కండే. ఇక రాత్రిపూట వాసోప్రెసిన్ పెరిగి మూత్రాన్ని అదుపులో పెట్టే అలవాటు సన్నగిల్లుతుంది. అందుకే రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది.

దాహం తీరడంలోనూ ఒక తిరకాసు ఉంది. మనం నీళ్ళు తాగగానే ప్రాణం కుదుటపడుతుంది గానీ, ఆ నీళ్ళు పేగుల్లోంచి రక్తంలోకి చేరడానికి ఇంకా చాలా నిమిషాలు పడుతుంది. గొంతు దిగిన గుటకల్ని బట్టి మెదడు ముందుగానే లెక్క కట్టి ‘ఇక చాలు’ అంటుంది. కుర్రవయసులో ఆ లెక్క ఇంచుమించు సరిపోతుంది. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డెరెక్ డెంటన్ బృందం ఉప్పునీరు ఎక్కించి దాహం పుట్టించి, మెదడు స్కానింగు చేసి చూస్తే, పెద్దవాళ్ళలో కొద్దిపాటి నీటికే ఆ దాహపు జాడ చల్లారిపోయింది. తాత రెండు గుక్కలు తాగి ‘చాల్లే’ అంటే అది మొండితనం కాదన్నమాట.

మరి నీరు తగ్గితే మెదడుకి నిజంగా ఏమవుతుంది? మెదడులో నాలుగింట మూడు వంతులు నీరే అన్న మాట అందరూ చెబుతారు. నిజమే గానీ అందులోంచి పెద్దగా ఏమీ తేలదు, కండలోనూ దాదాపు అంతే నీరుంది. ప్రయోగాలు చెప్పేది చూడాలి. 1988లో మన దేశంలోనే, రక్షణ శాఖ శరీరధర్మ పరిశోధకులు గోపీనాథన్, పిచన్, శర్మ కలిసి యువకుల్ని ఎండవేడిలో కసరత్తు చేయించి, నీళ్ళు తగ్గించి, వాళ్ళ ఒంటి బరువులో 1, 2, 3, 4 శాతం నీరు తగ్గేలా చేశారు. తరవాత మాటలు గుర్తుపెట్టుకోవడం, కూడికలు, గీతని వెంబడించడం లాంటి పరీక్షలు పెట్టారు. 2 శాతం దాటగానే మూడూ దెబ్బతిన్నాయి. 60 కిలోల మనిషికి 2 శాతం అంటే లీటరుంపావు కన్నా తక్కువ. మే నెలలో పొలంలోనో, మిర్చి యార్డులోనో పనిచేసేవాళ్ళకి అంత నీరు పోవడానికి ఒక పూట చాలు.

లండన్‌లో 2011లో మరో పరిశోధన జరిగింది. పదిమంది టీనేజి పిల్లల చేత ఒళ్ళు వెచ్చబడే దుస్తులు వేయించి గంటన్నర సైకిలు తొక్కించి, ఎమ్మారైలో పడుకోబెట్టి చిక్కుప్రశ్నలు ఇచ్చారు. జవాబులు మామూలుగానే చెప్పారు. కానీ అదే పని చెయ్యడానికి వాళ్ళ మెదడు ముందుభాగం మామూలు కన్నా ఎక్కువ కష్టపడినట్టు స్కానింగులో కనపడింది. పదహారేళ్ళవాడి మెదడుకి అదనంగా కష్టపడే ఓపిక ఉంది. 80 ఏళ్ళ మెదడుకి, అందులోనూ అప్పటికే లోపల జబ్బు మొదలైనదానికి, ఆ మిగులు ఉండదు. ఈ చివరి వాక్యం ఆ ప్రయోగం తేల్చినది కాదు, నేను చేస్తున్న ఊహ. కానీ ఆస్పత్రి వార్డుల్లో రోజూ జరిగేది చూస్తే ఆ ఊహ అంత దూరమైనదేమీ కాదు.

ఒక ఇంటిని ఊహించుకోండి. వైశాఖ మాసం, 78 ఏళ్ళ పెద్దావిడ. రెండు రోజులుగా విరేచనాలు. అన్నం సయించడం లేదు, నీళ్ళు అడగడం లేదు. బీపీ మాత్ర మాత్రం మరిచిపోకుండా వేస్తున్నారు, ఆ మాత్రలోనే మూత్రం ఎక్కువగా తెప్పించే మందు కలిసి ఉంది. మూడోనాడు మధ్యాహ్నం కొడుకుని పట్టుకుని ‘ఏమండీ’ అంటుంది. దుప్పటి అంచుని వేళ్ళతో అదేపనిగా పీకుతూ ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి వసారాలో ఎవరో కూర్చున్నారంటుంది. తెల్లారేసరికి చక్కగా మాట్లాడుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పదింటికి మళ్ళీ మొదలు. ‘అమ్మకి మతి పోయింది’ అంటాడు పెద్దకొడుకు. కోడలు ఫోనులో చూసి అల్జీమర్స్ అంటుంది. పక్కింటావిడ గాలి సోకిందంటుంది. ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తపరీక్ష చేసి, మందు ఆపి, నీరు ఎక్కిస్తారు. నాలుగైదు రోజులకి ఆవిడ ‘పాలవాడికి డబ్బులిచ్చారా’ అని అడుగుతుంది.

ఇది డిమెన్షియా కాదు, సంధి. వైద్యులు డెలీరియం అంటారు. డిమెన్షియా నెలలూ ఏళ్ళూ తీసుకుని వస్తుంది. సంధి గంటల్లో, రోజుల్లో వస్తుంది, పూటపూటకీ హెచ్చుతగ్గులవుతుంది. అన్నిటికన్నా ముందు దెబ్బతినేది ధ్యాస. 1990లో అమెరికాలో డాక్టర్ షారన్ ఇనౌయే తయారుచేసిన పరీక్ష ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. అందులో చూసేవి నాలుగే: హఠాత్తుగా వచ్చిందా, ధ్యాస నిలుస్తోందా, మాటలో పొంతన ఉందా, మెలకువ మామూలుగా ఉందా. ఇంట్లోనైతే వారాల పేర్లు శనివారం నుంచి వెనక్కి చెప్పమనండి. అంతకు ముందు వారం గడగడా చెప్పగలిగిన మనిషి ఇప్పుడు గురువారం దగ్గరే ఆగిపోతుంటే డాక్టరు దగ్గరికి బయల్దేరాల్సిందే. అరిచి గోల చేసే సంధి అందరికీ కనపడుతుంది. మంచం మీద మాటాపలుకూ లేకుండా జోగుతూ ఉండే సంధి కూడా ఉంది. దాన్ని ‘పాపం, నీరసంగా పడుకుంది’ అని వదిలేస్తారు. నిజానికి ప్రమాదకరమైంది అదే.

సంధికి కారణాలు చాలా ఉన్నాయి: మూత్రనాళపు ఇన్ఫెక్షను, న్యుమోనియా, నిద్రమాత్రలు, తుంటి ఎముక ఆపరేషను, ఇంకా ఎన్నో. నీరు తగ్గడం ఆ జాబితాలో తరచుగా కనపడే పేరు, పైగా తేలిగ్గా సరిచెయ్యగలిగింది. ఈ మాటకి మంచి రుజువు ఉంది. ఇనౌయే బృందమే యేల్ ఆస్పత్రిలో 70 దాటిన 852 మంది రోగుల్ని తీసుకుని ఒక పరిశోధన చేసి 1999లో వెల్లడించింది. సగంమందికి మామూలు వైద్యం. మిగతా సగంమందికి దానికి తోడు మరికొన్ని చిన్నచిన్న పనులు: కళ్ళజోడు, వినికిడి యంత్రం అందుబాటులో ఉంచడం, లేపి నడిపించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడడం, పలకరిస్తూ ఉండడం, వేళకి నీళ్ళు తాగించడం. మామూలు వార్డులో 15 శాతం మందికి సంధి వచ్చింది, రెండో వార్డులో 9.9 శాతానికి. కొత్త మందు ఒక్కటీ వాడకుండా సాధించిన తేడా ఇది. మన ఆస్పత్రుల్లో రోగి పక్కన ఉండే అటెండెంటు చేసే పని విలువ డాక్టర్లకైనా సరిగా తెలుసా అని నాకు అనుమానం.

సంధి వచ్చి తగ్గిపోయింది కదా అని ఊరుకోవడానికీ లేదు. ఫిన్లండ్‌లో వాంతా అనే పట్టణంలో 85 దాటిన 553 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2012లో లెక్కలు వెల్లడించారు. ఒకసారి సంధి వచ్చినవాళ్ళలో తరవాత డిమెన్షియా బయటపడే అవకాశం రానివాళ్ళకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా తేలింది. సంధి లోపల దాగిన జబ్బుని బయటపెడుతోందా, లేక అదే కొత్తగా హాని చేస్తోందా అన్నది ఇంకా వాదనలో ఉంది. రెండూ కొంతకొంత నిజమనే చాలామంది అనుకుంటున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఏళ్ళ తరబడి నీళ్ళు తక్కువ తాగేవాళ్ళకి డిమెన్షియా వస్తుందా?

వస్తుందని సూచించేవాటిలో బాగా ప్రచారమైంది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకి చెందిన నటాలియా ద్మిత్రియేవా బృందం పరిశోధన. 2023 జనవరిలో వెలువడింది. 11,255 మంది వివరాలు, దాదాపు 30 ఏళ్ళవి తిరగేశారు. నీరు తగ్గితే పెరిగే సోడియం రక్తంలో 135 నుంచి 145 దాకా మామూలే అంటారు. ఆ హద్దుల్లోనే ఉన్నా, మధ్యవయసులో 142 దాటినవాళ్ళకి గుండె నీరసించడం, పక్షవాతం, షుగరు, డిమెన్షియా వంటి దీర్ఘరోగాలు ఎక్కువగా వచ్చాయి. 138కీ 140కీ మధ్య ఉన్నవాళ్ళు అందరికన్నా నయంగా ఉన్నారు. వార్తాపత్రికలు దీన్ని ‘నీళ్ళు తాగితే ముసలితనం ఆలస్యం’ అని రాసేశాయి. ఆ పరిశోధకులు ఎవరి చేతా నీళ్ళు తాగించలేదు, తాగిన నీళ్ళు కొలవనూ లేదు. సోడియం అంకెని, తరవాత వచ్చిన జబ్బుల్ని పక్కపక్కన పెట్టి చూశారు, అంతే. ఇలాంటి లెక్కలు కారణాన్ని నిరూపించలేవని వాళ్ళే స్పష్టంగా చెప్పారు.

అదే ఏడాది స్పెయిన్ నుంచి వచ్చిన మరో పరిశోధన నాకు ఇంకా ఆసక్తికరంగా తోచింది. 55 నుంచి 75 ఏళ్ళ మధ్యవాళ్ళు 1,957 మందిని రెండేళ్ళు పరిశీలించారు. అందరూ ఊబకాయమో అధిక బరువో ఉన్నవాళ్ళు. రక్తం చిక్కగా ఉన్నవాళ్ళ తెలివి మొత్తం మీద రెండేళ్ళలో కాస్త ఎక్కువగా తగ్గింది. కానీ ‘రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతారు’ అన్న ప్రశ్నకి వాళ్ళిచ్చిన జవాబుకీ తెలివి తగ్గడానికీ సంబంధం కనపడలేదు. గ్లాసుల లెక్క ఒక దారి, రక్తం చిక్కదనం మరో దారి! ఎవరెంత తాగారో గుర్తుంచుకుని చెప్పే జవాబులు నమ్మదగ్గవి కావన్నది ఒక కారణం కావచ్చు. చెమట, షుగరు, మందులు, మూత్రపిండాల పనితీరు, వంటలో ఉప్పు ఇవన్నీ కలిసి చిక్కదనాన్ని తేలుస్తాయన్నది మరో కారణం. ఇంకో మెలిక కూడా ఉంది. డిమెన్షియా బయటపడటానికి పదేళ్ళ ముందే మెదడులో మొదలవుతుంది. నీళ్ళు తక్కువై జబ్బు వచ్చిందో, జబ్బు మొదలై నీళ్ళు తగ్గాయో ఈ పరిశోధనలు విడదీసి చెప్పలేవు.

2024లో లాన్సెట్ పత్రిక నియమించిన సంఘం, మనం మార్చుకోగలిగిన డిమెన్షియా కారణాలు 14 లెక్కగట్టింది. చదువు తక్కువ కావడం, వినికిడి లోపం, చూపు లోపం, బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, ఒంటరితనం, గాలి కాలుష్యం అలా సాగుతుంది ఆ వరస. వీటన్నిటినీ సరిచేస్తే ప్రపంచంలో 45 శాతం దాకా డిమెన్షియాని తప్పించడమో వాయిదా వెయ్యడమో సాధ్యమని అంచనా. ఆ వరసలో నీళ్ళు లేవు. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షలమంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో తేలింది. వాళ్ళ పిల్లలు తమ సంగతి గురించి భయపడుతుంటే, నీళ్ళ సీసా కన్నా ముందు బీపీ మిషను కొనమంటాను.

మెదడులోని చెత్తని నీళ్ళు కడిగేస్తాయన్న మాట కూడా ఈమధ్య బాగా వినపడుతోంది. దానికి మూలం మైకెన్ నెడెర్‌గార్డ్ బృందం 2012లో ఎలుకల్లో చూపించిన గ్లింఫాటిక్ వ్యవస్థ. మెదడు చుట్టూ ఉండే ద్రవం రక్తనాళాల పక్కనుంచి లోపలికి ప్రవహించి, అల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ లాంటి వ్యర్థాల్ని తీసుకుపోతుందని, నిద్రలో ఆ పని జోరందుకుంటుందని వాళ్ళన్నారు. 2024లో లండన్ శాస్త్రవేత్తలు ఎలుకల్లోనే కొలిచి, నిద్రలో అది తగ్గుతుందన్నారు. వాళ్ళ వాదన వాళ్ళు తేల్చుకునేలోగా మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ ద్రవాన్ని మెదడు రోజుకి అర లీటరు చొప్పున తనంతట తాను తయారుచేసుకుంటుంది. ఇంకో రెండు గ్లాసులు ఎక్కువ తాగితే ఆ కడుగుడు పెరుగుతుందని ఎవరూ చూపించలేదు.

డిమెన్షియా వల్ల నీళ్ళు తగ్గుతాయన్నదాంట్లో మాత్రం ఏ సందేహమూ లేదు. దాహం వేసినా అది దాహమని తెలియదు. తెలిసినా నీళ్ళు ఎక్కడుంటాయో గుర్తు రాదు. తెచ్చి ఎదురుగా పెట్టినా చూపు దాని మీద నిలవదు. చేతికిస్తే పట్టుకుని కూర్చుంటారు, తాగాలన్న తరవాతి అడుగు తోచదు. ఇందాకే తాగానంటారు. ఈ మెట్లలో ఎక్కడ తప్పిందో చూసుకుంటే చెయ్యాల్సింది తెలుస్తుంది. ‘నీళ్ళు కావాలా నాన్నా?’ అని అడిగితే వద్దనే జవాబు వస్తుంది. గ్లాసు చేతిలో పెట్టి, పక్కన కూర్చుని మనమూ ఒక గుక్క తాగితే ఆయనా తాగుతారు.

చూపు సంగతి చిన్నదేం కాదు. అల్జీమర్స్‌లో రంగుల మధ్య, వెలుగునీడల మధ్య తేడా పట్టే శక్తి తగ్గుతుంది. 2004లో బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ముదిరిన అల్జీమర్స్ ఉన్నవాళ్ళకి తెల్ల కంచాలూ కప్పులూ తీసేసి ముదురు ఎరుపువి ఇచ్చారు. తిండి 25 శాతం పెరిగింది, తాగేది 84 శాతం పెరిగింది. పట్టుమని పదిమంది కూడా లేని పరిశోధన కాబట్టి అంకెల్ని అక్షరాలా నమ్మనక్కర్లేదు. కానీ మన ఇళ్ళలో స్టీలు కంచం పక్కన స్టీలు గ్లాసు, అందులో రంగు లేని నీళ్ళు పెడతాం. చూపు మందగించిన మనిషికి అక్కడ మెరుపు తప్ప ఏం కనపడుతుంది? ముదురు రంగు గ్లాసు ఒకటి కొనడానికి డాక్టరు చీటీ అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో లూయిస్ హార్న్‌బీ అనే యువకుడు డిమెన్షియా ఉన్న తన నానమ్మ నీళ్ళు తాగక ఆస్పత్రి పాలైతే, చాక్లెట్ల డబ్బాలాంటి డబ్బాలో రంగురంగుల జెల్లీ బిళ్ళలు పెట్టి ఇచ్చాడు. వాటిలో 95 శాతం నీరే. ఆవిడ మిఠాయి అనుకుని తినేసింది. ఇప్పుడవి అక్కడ అమ్ముతున్నారు. మన దగ్గర పుచ్చకాయ ముక్కలకీ, తాటిముంజెలకీ ఏం తక్కువ?

మింగడం కష్టమైన దశలో జాగ్రత్త మారుతుంది. అప్పుడు పల్చటి నీళ్ళే ఎక్కువ ఇబ్బంది, గొంతులోంచి జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీళ్ళు తాగిన ప్రతిసారీ పొలమారుతుంటే, తాగాక గొంతు గరగరమంటుంటే బలవంతంగా పట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో, కాస్త చిక్కటి రాగిజావలాంటిది ఎలా ఇవ్వాలో మింగుడు పరీక్షించే నిపుణుల్ని అడిగి తెలుసుకోవాలి.

కావాలనే తాగనివాళ్ళ సంగతి పరిశోధన పత్రాల్లో తక్కువ కనపడుతుంది గానీ, నేను చూసినంతలో మన ఊళ్ళలో పెద్ద కారణం అదే. రాత్రి లేవాలంటే భయం. మరుగుదొడ్డి పెరట్లో ఉంటుంది, మెట్లు దిగాలి, లైటు లేదు. కూతురింటికి బస్సులో వెళ్ళాలంటే ఆడవాళ్ళు ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు కట్టేస్తారు. పెళ్ళిళ్ళలో, తీర్థయాత్రల్లో అంతే. మంచాన పడ్డవాళ్ళు కోడలికి శ్రమ ఎందుకని అడగరు. వీళ్ళకి నీటి గొప్పతనం గురించి ఎంత చెప్పినా లాభం లేదు. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా ఒక బల్బు, గోడకి పట్టుకోవడానికి ఒక కడ్డీ, రోజులో తాగేదంతా పొద్దుగూకేలోపు అయిపోయేలా ఏర్పాటు, ఇవి చేస్తే వాళ్ళే తాగుతారు.

ఎంత తాగాలి? ఎనిమిది గ్లాసుల లెక్క ఎక్కడిదో వెతికిన అమెరికా వైద్యుడు హైన్జ్ వాల్టిన్ 2002లో దానికి శాస్త్రీయమైన ఆధారం దొరకలేదని రాశారు. 1945లో అక్కడి పోషకాహార మండలి రోజుకి రెండున్నర లీటర్లని చెప్పి, అందులో ఎక్కువ భాగం తినే తిండిలోనే ఉంటుందని కూడా చెప్పింది. ఆ రెండో వాక్యం జనం మరిచిపోయారు. పెద్దవాళ్ళ కోసం యూరప్ పోషకాహార వైద్యుల సంఘం చెప్పేది, తాగేవి అన్నీ కలిపి ఆడవాళ్ళకి రోజుకి 1.6 లీటర్లు, మగవాళ్ళకి 2 లీటర్లు. చల్లటి దేశాల్లో అది. మన వేసవిలో ఇంకా కావాలి. 2015 మే నెలలో వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో అధికారిక లెక్కల ప్రకారమే రెండు వేలమందికి పైగా పోయారు. తాగేవి అంటే మంచినీళ్ళే అని కాదు. కాఫీ, టీ, పాలు, మజ్జిగ, అంబలి, చారు, కొబ్బరినీళ్ళు అన్నీ లెక్కలోకి వస్తాయి. కాఫీ నీటిని తోడేస్తుందన్నది అలవాటున్నవాళ్ళ విషయంలో నిజం కాదు.

నీరు తగ్గిందో లేదో పైకి చూసి పట్టుకోవడం కష్టం. చర్మం గిల్లి చూడడం, నాలుక ఎండిందా, మూత్రం రంగు పచ్చగా ఉందా అనేవి చిన్నపిల్లలకీ కుర్రవాళ్ళకీ పనికొస్తాయి. పెద్దవాళ్ళలో ఇవేవీ నమ్మదగ్గవి కావని ఇంగ్లండ్‌లో లీ హూపర్ బృందం వృద్ధాశ్రమాల్లో పరీక్షించి తేల్చింది. అక్కడున్నవాళ్ళలో ఐదుగురిలో ఒకరికి అప్పటికే నీరు తగ్గి ఉందని రక్తం చెప్పింది, పైకి చూస్తే తెలియలేదు. అనుమానం వస్తే సోడియం, పొటాషియం, యూరియా, షుగరు చూసే మామూలు రక్తపరీక్ష చేయించడమే దారి. విరేచనాలో వాంతులో అయితే నీటితోపాటు ఉప్పూ పోతుంది, అప్పుడు ఓఆర్ఎస్ కావాలి. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి. ఆ ఫార్ములా లేని తీపి పానీయాలు ఓఆర్ఎస్ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. దాని వెనక హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది.

ఇంతా చదివి ఇంట్లో పెద్దవాళ్ళకి బిందెల కొద్దీ పట్టించే ముందు రెండో వైపు కూడా చూడాలి. గుండె నీరసించినవాళ్ళకీ, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకీ డాక్టరు చెప్పిన కొలత దాటితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మూత్రపిండాల జబ్బు పీడించే ఉద్దానంలో ఏ ఇంట్లో అడిగినా ఈ సంగతి చెబుతారు. గట్టి ఒళ్ళున్నవాళ్ళకీ ముప్పు ఉంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది పరుగువాళ్ళ రక్తం చూస్తే, 13 శాతం మందికి సోడియం మామూలు కన్నా తక్కువ ఉంది. దారిలో అతిగా తాగడమే దానికి ముఖ్య కారణం. ముసలివాళ్ళలో కొన్ని బీపీ మాత్రలూ, దిగులుకి వాడే కొన్ని మాత్రలూ సోడియాన్ని పడగొడతాయి. వాటికి తోడు నీళ్ళు ఎక్కువైతే మళ్ళీ అదే తికమక, అదే మగత, అదే తూలి పడిపోవడం. సోడియం 122 ఉన్న మనిషీ, 158 ఉన్న మనిషీ మంచం మీద ఒకలాగే మాట్లాడతారు. ఒకరికి నీళ్ళు తగ్గించాలి, ఒకరికి ఎక్కించాలి. రక్తపరీక్ష చీటీ చూడనిదే ఎవరూ చెప్పలేరు.

చీటీ వచ్చాక కూడా తొందర పనికిరాదు. సోడియం పెరిగి ముడుచుకుపోయిన మెదడు కణాలు రెండు మూడు రోజుల్లో లోపల టారిన్, ఇనోసిటాల్ లాంటి పదార్థాలు పోగుచేసుకుని మళ్ళీ నీరు పట్టుకుంటాయి. ఆ సర్దుబాటు అయ్యాక ఒక్కసారిగా నీరు ఎక్కిస్తే కణాలు ఉబ్బిపోతాయి, పుర్రెలో వాటికి చోటు చాలదు. సోడియం తక్కువగా ఉన్నప్పుడు ఆదరాబాదరాగా పెంచితే నరాల మీది కవచం ఊడిపోయి కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు. అందుకే రోజులో ఎనిమిది పది పాయింట్లకి మించి మార్చకుండా, పూటపూటకీ రక్తం తీసి చూస్తూ పోతారు. సీసాలో చుక్కలు మరీ నెమ్మదిగా పడుతున్నాయని, కాస్త జోరు పెంచమని నర్సమ్మని సతాయించే కొడుకులు ప్రతి వార్డులోనూ ఉంటారు. ఆవిడ ఆ మాట వినకపోవడమే వాళ్ళమ్మకి మంచిది.